ఒకే ల్యాప్‌టాప్‌నందు పెక్కు నిర్వాహక వ్యవస్థలు: కోయంబత్తూరు, మధుర తెలుగు కుటుంబముల దృష్ట్యా ఒక పరిశీలనము

విషయ ప్రవేశము

తమిళదేశమునందు తెలుగువారి నివాసము నిన్న మొన్నటిది కాదు. 14వ శతాబ్దమున విజయనగర రాజకుమారుడగు కంపరాయలు మధురను జయించిన నాటి నుండియు తెలుగు సేనానులును, కర్షకులును, నేతపనివారును దక్షిణమునకు తరలి వచ్చుచునే యుండిరి. 16వ శతాబ్దమున విశ్వనాథ నాయకునితో ఆరంభమైన మధుర నాయక రాజ్యము 1736 వరకు నిలిచి తెలుగు వాఙ్మయమునకు, అందును విశేషించి వచన రచనకు, ఆశ్రయమిచ్చినది. ఆ వంశమువాడగు విజయరంగ చొక్కనాథుడు స్వయముగా తెలుగున వచన గ్రంథములు రచించెను. కొంగునాట కోయంబత్తూరు పరిసరములందు స్థిరపడిన కుటుంబములు మొదట సేద్యమునందును, నేతయందును, పిమ్మట నూలు మిల్లులయందును, యంత్ర పరిశ్రమయందును పేరు గడించినవి. 2011 జనాభా లెక్కల ప్రకారము తమిళనాట తెలుగును మాతృభాషగా చెప్పుకొన్నవారు 42 లక్షల 34 వేలు. అనగా నూటికి 5.87 వంతు. ఆ రాష్ట్రమున తమిళము తరువాతి స్థానము తెలుగుదే.

అయినను ఈ సంఖ్య ఒక విషయమును చెప్పదు. జనాభా లెక్క మాతృభాష ఏది యని అడుగును గాని, ఆ భాషను ఏ లిపిలో వ్రాయుదురని అడుగదు. కోయంబత్తూరు, మధుర ప్రాంతములలోని పెక్కు తెలుగు గృహములలో ఇంట తెలుగు, వీథిలో తమిళము, కచేరీలో ఆంగ్లము నడచుచున్నవి. అవ్వ తెలుగున పలుకరించును. మనుమరాలు తెలుగుననే బదులు చెప్పును. ఆ మాటనే కాగితముపై పెట్టవలసి వచ్చినచో మనుమరాలు తమిళ లిపిని ఆశ్రయించును. 2006లో చేయబడిన తమిళ బోధన చట్టము ఆ విద్యా సంవత్సరపు ఒకటవ తరగతి నుండి క్రమముగా పదవ తరగతి వరకు తమిళమును తప్పనిసరి భాషగా నిర్ణయించినది. రాష్ట్ర భాషను నేర్చుట అక్కడి పౌరులందరికిని మేలే. అయినను దాని ప్రక్కన ఇంటి భాష యొక్క లిపిని నేర్చుటకు బడిలో చోటు సన్నగిల్లినప్పుడు, ఆ చోటును ఇంటిలోనే వెదకవలసి యున్నది. అట్టి చోటు ఒకటి ఇంటిలోని ల్యాప్‌టాప్‌లోనే కలదనియు, దానిని ఎట్లు ఏర్పరచుకొనవలెననియు తెలుపుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఉచిత ల్యాప్‌టాప్‌లు – రెండు వ్యవస్థలు

2011 సెప్టెంబరు 15న తమిళనాడు ప్రభుత్వము, ప్రభుత్వ పాఠశాలలలోను, ప్రభుత్వ సహాయము పొందు పాఠశాలలలోను, కళాశాలలలోను చదువు విద్యార్థులకు ల్యాప్‌టాప్‌లను ఉచితముగా పంచు పథకమును ప్రారంభించినది. రాష్ట్ర ప్రభుత్వ సంస్థయగు ఎల్కాట్ ద్వారా ఈ యంత్రములు సేకరింపబడినవి. ఆ పథకమున పంచిన ల్యాప్‌టాప్‌లలో గమనింపదగిన విశేష మొకటి కలదు. వానియందు రెండు నిర్వాహక వ్యవస్థలు ముందుగనే అమర్పబడి యుండెను. ఒకటి మైక్రోసాఫ్ట్ వారి విండోసు. రెండవది కేంద్ర ప్రభుత్వ సంస్థయగు సి-డాక్ రూపొందించి 2007 జనవరిలో వెలువరించిన భారత్ ఆపరేటింగ్ సిస్టమ్ సొల్యూషన్స్. దానినే సంక్షిప్తముగా బాస్ లినక్సు అందురు. ఇది 1993లో మొదలైన డెబియన్ అను స్వేచ్ఛా వ్యవస్థపై ఆధారపడినది. తమిళము, తెలుగు మొదలగు భారతీయ భాషలలో చదువుటకును, వ్రాయుటకును అనువుగా తీర్చబడినది.

ఈ విధముగా, ఎవరును ప్రత్యేకించి కోరకయే, కోయంబత్తూరులోను, మధురలోను తెలుగు మాటాడు ఇండ్ల బాలబాలికల చేతికి తెలుగు లిపి గల యంత్రము వచ్చి చేరినది. అయితే రెండవ వ్యవస్థ యెందుకున్నదో ఎరుగని యింట అది మూతపడిన గదివలె ఉండిపోవుట సహజము. స్థలము చాలలేదని దానిని తుడిచివేసినచో, ఆ యవకాశము కూడ దానితోనే పోవును.

నేడు ఈ విషయమును మరల విచారించుటకు వేరొక కారణము కలదు. విండోసు 7కు మైక్రోసాఫ్ట్ ఇచ్చుచుండిన రక్షణ సవరణలు 2020 జనవరి 14తో నిలిచిపోయినవి. విండోసు 10కు సాధారణముగా ఇచ్చు సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. విండోసు 11 కోరు హంగులు ఆ నాటి యంత్రములలో లేవు. కావున పాత ల్యాప్‌టాప్ పనికిరానిదని మూల బెట్టుటకు ముందు, దానియందు రెండవ వ్యవస్థను నిలుపు విధానమును తెలిసికొనుట లాభకరము.

వ్యవస్థ యనగా నేమి, విభాగ మనగా నేమి

ఆపరేటింగ్ సిస్టమ్ అనబడు నిర్వాహక వ్యవస్థ యంత్రమునకు ఇంటి యజమానురాలి వంటిది. మీటల పలక, తెర, జ్ఞాపకశక్తి, హార్డ్‌డిస్కు మొదలగు అంగములను ఏ పనికి ఎప్పుడు ఎంత వాడవలెనో నిర్ణయించునది అదియే. ఒక యంత్రమున రెండు వ్యవస్థలున్నవనగా, అవి రెండును ఒకేసారి పని చేయునని కాదు. యంత్రమును వెలిగించినప్పుడు ఏది కావలెనో ఎన్నుకొనవలెను. ఎన్నుకొన్నది లేచును, రెండవది నిద్రించుచునే యుండును. ఒక వంటయింట రెండు పొయ్యిలున్నను, ఒక పొయ్యి వెలుగుచుండగా రెండవది ఆరియే యుండు పద్ధతి యిది.

ఒక వ్యవస్థ లోపలనే రెండవ వ్యవస్థను కృత్రిమ యంత్రముగా నడపు పద్ధతి కూడ కలదు. అందు రెండును ఒకేసారి మేలుకొని యుండును గనుక ఎక్కువ జ్ఞాపకశక్తి కావలెను. రెండు గిగాబైట్ల జ్ఞాపకశక్తి మాత్రమే గల పాత యంత్రమునకు అది భారము. అట్టి యంత్రమునకు హార్డ్‌డిస్కును విభజించి వేర్వేరుగా వ్యవస్థలను నిలుపుటయే తగిన మార్గము.

హార్డ్‌డిస్కు ఒకటే అయినను, దానిని లెక్కలో అనేక విభాగములుగా పంచుకొనవచ్చును. దానినే పార్టిషన్ అందురు. ఇది డిస్కును కోసి ముక్కలు చేయుట కాదు. పొలమును పంచునప్పుడు నేల కదలదు. ఏ వాటా ఏ గట్టు మొదలు ఏ గట్టు వరకని పత్రమున వ్రాసికొందురు. అట్లే డిస్కులో ఏ విభాగము ఎచ్చట మొదలై ఎచ్చట ముగియునో తెలుపు పట్టిక యొకటి వ్రాయబడును. విభాగములకు ప్రాణ మా పట్టికయే. పట్టిక చెడినచో లోపలి సామగ్రి చెక్కు చెదరకున్నను, దానికి దారి తెలియకుండ పోవును.

విభాగ పట్టికలు – పాత పద్ధతి, క్రొత్త పద్ధతి

ఈ పట్టికలు రెండు విధములు. పాతది మాస్టర్ బూట్ రికార్డు. 1983లో ఐ.బి.ఎం. యంత్రములతో వాడుకలోనికి వచ్చిన ఈ పద్ధతిలో డిస్కు యొక్క మొదటి 512 బైట్లలోనే సమస్తము ఇమిడి యుండును. అందు 446 బైట్లు వ్యవస్థను లేపు చిన్న ఆజ్ఞావళికి, 64 బైట్లు విభాగ పట్టికకు, చివరి రెండు బైట్లు గుర్తుకు చెల్లును. ఒక్కొక్క విభాగమును వర్ణించుటకు 16 బైట్లు కావలెను గనుక ముఖ్య విభాగములు నాలుగింటికి మించరాదు. అంతకు మించి కావలసినచో, నాలుగింటిలో ఒకదానిని విస్తృత విభాగముగా చేసి దాని లోపల మరి కొన్ని ఖానాలను ఏర్పరచవలెను. పాత ల్యాప్‌టాప్‌లో క్రొత్త విభాగమును సృష్టింపబోవగా యంత్రము నిరాకరించినచో, స్థలము లేకపోవుట కంటె ఈ నాలుగింటి హద్దే తరచుగా కారణమగును.

క్రొత్తది జి.పి.టి. పట్టిక. దీనియందు సామాన్యముగా 128 విభాగముల వరకు చోటు కలదు. పట్టిక యొక్క మారుప్రతి డిస్కు చివర కూడ భద్రపరుపబడును. ఈ పట్టిక యు.ఇ.ఎఫ్.ఐ. అను క్రొత్త ఆరంభ విధానముతో కలిసి నడచును. పాత పద్ధతిలో వ్యవస్థను లేపు ఆజ్ఞావళికి చోటు ఒక్కటే; తరువాత వచ్చినది ముందున్నదానిని చెరిపి కూర్చుండును. క్రొత్త పద్ధతిలో ఆరంభమునకై ఒక చిన్న ప్రత్యేక విభాగము ఉండును. విండోసు, లినక్సు దానియందు వేర్వేరు సంచయములలో తమ తమ ఆరంభ ఫైళ్లను ఉంచుకొనును. కావున ఒకటి వేరొకదానిని తుడిచివేయు ప్రమాదము తగ్గినది. తన యంత్రము ఈ రెండింటిలో దేనిని అనుసరించుచున్నదో ముందుగా తెలిసికొనకుండ పని మొదలిడుట తగదు. ఒక వ్యవస్థను పాత పద్ధతిలోను, రెండవదానిని క్రొత్త పద్ధతిలోను నిలిపినచో ఎన్నిక పట్టికలో అవి రెండును కలియుట కష్టము.

పంపకపు ప్రణాళిక – ఐదవ వాటా

విభజన యనగానే కోయంబత్తూరువారికి స్ఫురింపదగిన ఉదంత మొకటి కలదు. పీలమేడు వాస్తవ్యులగు పి. ఎస్. గోవిందస్వామి నాయుడుగారి కుమారులు నలుగురు. వారు కుటుంబపు ఆస్తిని పంచుకొనునప్పుడు నాలుగు భాగములు గాక ఐదు భాగములు చేసి, ఐదవ భాగమును ధర్మమునకు విడిచిరి. 1926లో ఆ విధముగా ఏర్పడిన ధర్మసంస్థయే తరువాత పాఠశాలలకును, 1951లో ఆరంభమైన పి.ఎస్.జి. సాంకేతిక కళాశాలకును మూలమైనది. నాలుగు వాటాలు నాలుగిండ్లకు చేరినవి. ఐదవ వాటా ఊరికంతటికి దక్కినది.

డిస్కు పంపకమునందును ఈ నీతియే మేలైనది. రెండు వ్యవస్థలకు రెండు విభాగములు చేసి ఊరకుండుట చాలామంది చేయు పొరపాటు. అట్లు చేసినచో విండోసునందు వ్రాసికొన్నది విండోసునందే, లినక్సునందు వ్రాసికొన్నది లినక్సునందే నిలిచిపోవును. లినక్సు సామాన్యముగా వాడు ఎక్స్‌ట్-4 అను అమరికను విండోసు తనంతట తాను చదువలేదు. విండోసు వాడు ఎన్.టి.ఎఫ్.ఎస్. అమరికను లినక్సు చదువగలదు, వ్రాయగలదు. కావున ఎన్.టి.ఎఫ్.ఎస్. అమరికలో ఉమ్మడి విభాగ మొకటి ఏర్పరచి, కుటుంబపు వ్రాతలు, చిత్రములు, పాటలు సమస్తమును అందే ఉంచవలెను. వ్యవస్థ రేపు చెడినను, మారినను, ఉమ్మడి విభాగము చెక్కుచెదరదు.

ఉదాహరణకు 500 గిగాబైట్ల డిస్కును తీసికొందము. తయారుదారులు వేయిని ప్రమాణముగాను, విండోసు 1024ను ప్రమాణముగాను లెక్కించుటచేత అది తెరపై ఇంచుమించు 465గా కనబడును. ఇందు మోసమేమియు లేదు. దీనిలో విండోసునకు 150, లినక్సునకు 40, జ్ఞాపకశక్తి చాలనప్పుడు తోడ్పడు స్వాప్ విభాగమునకు 4 ఇచ్చినచో, ఆరంభ విభాగపు స్వల్ప భాగము పోగా, దాదాపు 270 గిగాబైట్లు ఉమ్మడికి మిగులును. తెలుగు వ్రాతకును, చదువుకును లినక్సునకు 40 గిగాబైట్లు ధారాళముగా చాలును.

స్థాపన క్రమము

యంత్రమును విప్పి చూచి నేర్చుకొనుట కోయంబత్తూరు తెలుగువారికి క్రొత్త కాదు. కలంగల్ గ్రామమున 1893లో జన్మించిన జి. డి. నాయుడుగారు మోటారు సైకిలు నొకదానిని కొని, విప్పి, మరల కూర్చి యంత్రవిద్యను అభ్యసించిరి. 1937లో బాలసుందరము నాయుడుగారితో కలిసి విద్యుత్ మోటారును దేశమున తయారు చేసిరి. విప్పుటకు ముందు ఏ మర ఎచ్చటిదో గుర్తుంచుకొనువాడే మరల కూర్పగలడు. ఇచ్చటను అదే నియమము.

మొదటి పని, డిస్కులోని అమూల్యమైన ఫైళ్లన్నింటిని వేరొక డిస్కులోనికి నకలు తీసికొనుట. విభజన చేయునప్పుడు విద్యుచ్ఛక్తి నిలిచిపోయినను, ఒక మీట తప్పుగా నొక్కినను నష్టము కలుగవచ్చును. నకలు లేనిదే తరువాతి అడుగు వేయరాదు. క్రొత్త విండోసులలో డిస్కు బిట్‌లాకర్ అను తాళముతో బంధింపబడి యుండవచ్చును. దాని పునరుద్ధరణ సంఖ్యను ముందుగనే కాగితముపై వ్రాసి పెట్టుకొనవలెను. ఆరంభ విధానమున మార్పు కనబడగానే ఆ యంత్రము ఆ సంఖ్యను అడుగుట కలదు.

రెండవ పని, విండోసు లోపలనే ఉన్న డిస్కు నిర్వహణ సాధనముతో దాని విభాగమును కుదించుట. కుదింపగా మిగిలిన చోటు ఏ పేరును లేని ఖాళీ నేలగా కనబడును. దానికి అప్పుడే పేరు పెట్టనక్కరలేదు. యంత్రమున ఇంకను ఏ వ్యవస్థయు లేనిచో మొదట విండోసును, పిమ్మట లినక్సును నిలుపవలెను. విండోసు తన సోదరుని గుర్తింపదు; లినక్సు గుర్తించును. తరువాత వచ్చిన లినక్సు తన ఎన్నిక పట్టికలో విండోసునకు గూడ చోటిచ్చును.

మూడవ పని, లినక్సు ప్రతిని పెన్‌డ్రైవునందు సిద్ధపరచుట. ఇచ్చట యంత్రపు వయస్సును గమనింపవలెను. 2025 ఆగస్టులో వెలువడిన డెబియన్ 13 నుండి 32 బిట్ల పాత యంత్రములకు స్థాపక ప్రతి లేదు. ల్యాప్‌టాప్‌లోని ప్రాసెసరు 64 బిట్లదైనచో చిక్కు లేదు. ఏ ప్రతినైనను మొదట డిస్కుపై చేయివేయక, పెన్‌డ్రైవు నుండియే నడిపి చూచుట మంచిది. తెర, శబ్దము, వైఫై సరిగా పని చేయుచున్నచో అటుపిమ్మట స్థాపనకు దిగవచ్చును.

నాలుగవ పని స్థాపన. డెబియన్ స్థాపకమునందు మొట్టమొదటనే భాషను ఎన్నుకొనవలసి యుండును. ఆ పట్టికలో తమిళమును, తెలుగును రెండును కలవు. విభాగములను గూర్చి అడిగినప్పుడు డిస్కునంతటిని వాడుకొమ్మను మార్గమును ఎన్నుకొనరాదు. అట్లు చేసినచో విండోసును, దానిలోని సమస్తమును పోవును. స్వయముగా విభజించు మార్గమును ఎన్నుకొని, ఖాళీ నేలలో లినక్సునకు మూల విభాగమును, స్వాప్ విభాగమును సృష్టించి, మిగిలినదానిని ఉమ్మడికి విడువవలెను. యు.ఇ.ఎఫ్.ఐ. యంత్రములలో ఆరంభ విభాగము ముందే యుండును. దానిని వాడుకొనవలెనే గాని క్రొత్తగా అమర్చి తుడువరాదు. మార్పులు డిస్కుపై వ్రాయబడుటకు ముందు స్థాపకము ఒక్కసారి జాబితాను చూపి అనుమతి కోరును. ఆ జాబితాను పత్రము చదివినట్లు చదివి, సరియని తోచిన పిమ్మటనే అంగీకరింపవలెను. ఉమ్మడి విభాగమును తరువాత విండోసునుండి ఎన్.టి.ఎఫ్.ఎస్. అమరికతో తీర్చుకొనవచ్చును.

ఐదవది, గ్రబ్ అను ఆరంభ సాధనము. స్థాపన ముగిసి యంత్రము తిరిగి వెలిగినప్పుడు ఈ గ్రబ్ ఒక పట్టికను చూపును. అందు లినక్సు, విండోసు పేర్లు వరుసగా కనబడును; బాణపు మీటలతో ఒకదానిని ఎన్నుకొనవలెను. కొన్ని క్షణముల వరకు ఏదియు ఎన్నుకొననిచో ముందుగా నిర్ణయించినది లేచును.

తరచుగా కలుగు చిక్కులు

మొదటి చిక్కు పట్టికలో విండోసు కనబడకపోవుట. 2021లో వెలువడిన గ్రబ్ 2.06 నుండి ఇతర వ్యవస్థలను వెదకు ఓ.ఎస్.-ప్రోబర్ అను సాధనము సహజముగా నిలిపివేయబడి యున్నది. విండోసు పోయినదని భయపడ నక్కరలేదు. గ్రబ్ అమరిక ఫైలునందు ఆ నిషేధమును తొలగించి, పట్టికను మరల వ్రాయించినచో విండోసు పేరు తిరిగి కనబడును.

రెండవ చిక్కు ఉమ్మడి విభాగము లినక్సునందు చదువుటకు మాత్రమే తెరచుకొని, వ్రాయనీయకపోవుట. 2012లో వచ్చిన విండోసు 8 నుండి వేగవంతమైన ఆరంభ మను సౌకర్యము కలదు. దానివలన యంత్రమును ఆర్పినను విండోసు పూర్తిగా ఆరక, సగము నిద్రలో నుండును. తాను తెరచిన విభాగములను మూయదు. ఒకరు సగము వ్రాసి మూయని పద్దుపుస్తకములో మరొకరు వ్రాసినచో లెక్కలు తారుమారగును గదా! అందుచే లినక్సు వెనుదీయును. ఆ సౌకర్యమును విండోసునందు నిలిపివేసినచో చిక్కు తీరును.

మూడవది గడియారపు చిక్కు. విండోసు యంత్రములోని గడియారమున స్థానిక కాలమును నిలుపును. లినక్సు సార్వత్రిక కాలమును నిలుపును. భారతదేశ కాలమునకు, సార్వత్రిక కాలమునకు భేదము ఐదున్నర గంటలు. కావున ఒక వ్యవస్థనుండి రెండవదానికి మారినప్పుడు ఉదయము పది గంటల వేళ తెల్లవారుజామున నాలుగున్నర యని యంత్రము చూపవచ్చును. గడియారము చెడలేదు, ఇద్దరు దానిని రెండు విధముల చదువుచున్నారు. లినక్సునందు స్థానిక కాలమును వాడుమని ఒక ఆజ్ఞ యిచ్చినచో ఇద్దరును ఏకీభవింతురు.

లిపిని గూర్చిన అసలు ప్రయోజనము

ఇంతవరకు చెప్పినది ఏ యూరి యంత్రమునకైనను చెల్లును. కోయంబత్తూరు, మధుర తెలుగు కుటుంబములకు దీనివలన కలుగు విశేష ప్రయోజనము లిపికి సంబంధించినది. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ అను నాలుగింటికి ఒకే అక్షరము. అందుచే తెలుగు మాటను తమిళ లిపిలో వ్రాసినచో గాలి, కాలి అను రెండింటికి ఒకే రూపము వచ్చును. పాట, బాట అను వానికిని అంతే. వ్రాసినవారు జీవించి యున్నంతవరకు దానిని సరిగా చదువుదురు. ఒక తరము గడచిన పిమ్మట చదువువారికి ఏది యేదో తెలియదు.

ఈ విషయము కంప్యూటరు సంకేతములలో స్పష్టముగా కనబడును. ప్రపంచ లిపులన్నింటికి సంఖ్యలు కేటాయించు యూనికోడ్ అను ప్రమాణము 1991లో వెలువడినది. అందు తమిళ లిపికి, తెలుగు లిపికి ఇచ్చిన వరుసలు ప్రక్కప్రక్కన ఉన్నవి. తమిళ క సంఖ్య 2965, తెలుగు క సంఖ్య 3093, భేదము 128. ఒకే ధ్వనికి రెండు వరుసలలోను ఈ భేదమే సామాన్యముగా నిలుచును. తెలుగున ఖ, గ, ఘ లకు 3094, 3095, 3096 అను సంఖ్యలు కలవు. తమిళ వరుసలో వానికి సరిపోవు 2966, 2967, 2968 స్థానములు ఖాళీగా విడువబడి యున్నవి. కావున తమిళమునుండి తెలుగునకు అక్షరములను మార్చు సాధనము 128ని కూడి క ను తేగలదే గాని, పోయిన గ ను తేలేదు. తమిళ లిపి తమిళమునకు సర్వసమగ్రము. దానియందు లోపమేమియు లేదు. తెలుగు మాటను కొలుచుటకు మాత్రము ఆ కుంచము సరిపోదు. అందుచేతనే ఇంటి మాటలను ఇంటి లిపిలోనే వ్రాసి ఉంచవలెను.

లిపి నేర్చుటకు యంత్రము చేయు సహాయము స్వల్పము కాదు. ప్రభుత్వ ప్రమాణమగు ఇన్‌స్క్రిప్ట్ మీటల అమరికలో ఒకే ధ్వనికి అన్ని భారతీయ లిపులలోను ఒకే మీట. తమిళ క వచ్చు మీటనే తెలుగు అమరికకు మార్చి నొక్కినచో తెలుగు క వచ్చును. తమిళనాట ఎక్కువగా నేర్పబడు తమిళ్-99 అమరిక వేరు. అయినను తమిళమును ఇన్‌స్క్రిప్ట్‌లో అభ్యసించిన బాలికకు తెలుగు మీటలలో సగము ముందే తెలిసి యుండును. ఇక లినక్సునందు ఒక్కొక్కరికి ఒక్కొక్క ఖాతా ఏర్పరచి, ఒక్కొక్క ఖాతాకు ఒక్కొక్క భాష నియమింపవచ్చును. తాతగారి ఖాతాలో పట్టికలు తెలుగున, మనుమరాలి ఖాతాలో తమిళమున కనబడునట్లు చేయుట సులభము. హైదరాబాదు కేంద్రముగా స్వేచ్ఛ అను సంస్థ తెలుగు ముఖముతో లినక్సును తీర్చుటకు చేసిన కృషి కూడ ఈ సందర్భమున స్మరింపదగినది.

ఒక జాగ్రత్త మాత్రము మరువరాదు. ముద్రణాలయములలో చిరకాలముగా వాడుకలో నున్న కొన్ని తెలుగు ఖతులు యూనికోడ్‌ను అనుసరింపవు. వానితో వ్రాసిన వ్రాత ఆ ఖతి యున్న యంత్రమున మాత్రమే తెలుగుగా కనబడును. ఇతరత్ర అర్థము లేని ఆంగ్లాక్షరముల గుంపుగా కనబడును. అట్టి వ్రాతను ఉమ్మడి విభాగమున ఉంచినను, అది ఉమ్మడి కాదు. యూనికోడ్‌లో వ్రాసినది విండోసునందును, లినక్సునందును, చేతి ఫోనునందును ఒకే తీరున తెలుగుగనే నిలుచును. విభాగము ఉమ్మడి యగుట ఒక యెత్తు; లిపి సంకేతము ఉమ్మడి యగుట మరొక యెత్తు. రెండును కూడినప్పుడే వ్రాత ఒక తరము నుండి మరొక తరమునకు చేరును.

ఉపసంహారము

పై విచారణ వలన తేలిన సారాంశ మిది. ఒక ల్యాప్‌టాప్‌నందు రెండు వ్యవస్థలను నిలుపుట కష్టమైన పని కాదు. ఒక దినపు ఓపికయు, ముందుగా తీసికొన్న నకలును, పంపకపు ప్రణాళికయు చాలును. విండోసునందు కళాశాల పనియు, కచేరీ పనియు సాగును. లినక్సునందు పాత యంత్రము క్రొత్త యాయువు పొందును. అయితే ఈ రెండింటి కంటె విలువైనది మూడవదగు ఉమ్మడి విభాగము. అవ్వ చెప్పు సామెతలు, పెండ్లి పాటలు, వంటకముల పేర్లు, పొలముల పేర్లు, ఇంటి పేర్ల వెనుకనున్న కథలు తెలుగు లిపిలో అందు చేరవలసి యున్నవి. ఇవి ఏ గ్రంథాలయమునందును దొరకవు, చెప్పువారితోనే పోవును.

కోయంబత్తూరు, మధుర నగరములలోని తెలుగు సంఘములు ఏడాదికొక దినమున పాత ల్యాప్‌టాప్‌లను తెప్పించి, తెలిసిన విద్యార్థుల చేత రెండవ వ్యవస్థను నిలిపించి, ఉమ్మడి విభాగమును ఏర్పరపించినచో వ్యయము స్వల్పము, ఫలము అధికము. మనుమరాలికి మీటలు తెలియును, అవ్వకు మాటలు తెలియును. ఇద్దరిని ఒక యంత్రము ముందు కూర్చుండబెట్టుట మాత్రమే మిగిలియున్నది. నాలుగు వాటాలతో తృప్తిపడక ఐదవ వాటాను అందరికొరకు విడిచిన పెద్దలు పుట్టిన ప్రాంతమిది. ఆ ఐదవ వాటాను నేడు డిస్కులో గూడ విడుచుట వారి వారసులకు భారము కానేరదు.